మాటల పోటీ, లెక్కల పోటీ

ఆట యనగానే మైదానము, బంతి, పరుగు మన తలపునకు వచ్చును. కాని కూర్చున్న చోటు కదలకుండ మనస్సుతో మాత్రమే ఆడు ఆటలును లోకమున కలవు. అట్టి ఆటలను చూచుటకు జనులు టెలివిజను ముందు చేరి, పోటీదారులతోపాటు తామును లెక్కలు కట్టుచుందురు.

ఫ్రాన్సు దేశమున 1965లో ఇట్టి ఆట యొకటి టెలివిజనులో మొదలైనది. మొదట అది మాటల ఆట మాత్రమే. 1972లో దానికి లెక్కలను కూడ చేర్చిరి. దానిని అనుసరించి ఇంగ్లండులో 1982 నవంబరు 2వ తేదీన 'కౌంట్‌డౌన్' అను కార్యక్రమమును ప్రారంభించిరి. దాని నియమములు సులభముగా తెలియునట్టివే. ఇద్దరు పోటీదారుల ముందు తొమ్మిది అక్షరములు పెట్టుదురు. ఆ అక్షరములతో ముప్పది సెకనులలో ఎవరు పొడవైన మాటను కట్టుదురో, ఆ వంతు వారిది. లెక్కల వంతు వచ్చినపుడు ఆరు సంఖ్యలను ఇచ్చి, చేరవలసిన మూడంకెల సంఖ్య నొకదానిని చూపుదురు. ఇచ్చిన సంఖ్యలను కూడియు, తీసివేసియు, గుణించియు, భాగించియు ఆ గమ్యమును చేరవలెను. ఏ సంఖ్యను కూడ రెండవసారి వాడరాదు. దీనికిని గడువు ముప్పది సెకనులే.

1997లో ఒక పోటీదారునకు 25, 50, 75, 100, 3, 6 అను సంఖ్యలు వచ్చినవి. చేరవలసిన సంఖ్య 952. ఆతడు 100కు 6 కలిపి 106 చేసెను. దానిని 3తో గుణించగా 318 వచ్చెను. అంతట దానిని 75తో గుణించెను. వచ్చినది 23,850! మూడంకెల గమ్యమును చేరుటకు ఇరువది మూడు వేల దారి యేల యని చూచువారికి తోచును. ఆతడు తొట్రుపడక దాని నుండి 50 తీసివేసి 23,800 చేసి, దానిని 25తో భాగించెను. సరిగా 952 వచ్చెను.

ఇందలి కిటుకు గమనింపదగినది. 318ని మూడింతలు చేసిన 954. అందు రెండు తీసివేసిన 952. దారి ఇంత చిన్నది. కాని ఆతని చేతిలోని 3 అప్పటికే ఖర్చయినది. 2 మొదటి నుండియు లేదు. ఐనను 75లో 25లు మూడు కలవు, 50లో రెండు కలవు. చేతిలో లేని మూడును, రెండును ఆతడు ఉన్న సంఖ్యల లోపల చూచెను. పైకి కనబడని దానిని లోపల చూచుటయే ఈ ఆటకు ప్రాణము.

ఇట్టి ఆట తెలుగువారికి క్రొత్తది కాదు. టెలివిజను పుట్టుటకు పూర్వమే తెలుగునాట సభలలో ఇంతకంటె కఠినమైన పోటీ జరుగుచుండెను. దాని పేరు అవధానము. అవధాన మనగా మనస్సును ఒకచోట నిలుపుట. అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధాని చుట్టును కూర్చుందురు. ప్రతివారును ఒక్కొక్క పరీక్ష పెట్టుదురు. అవధాని ఒకరికి పద్యములో ఒక పాదము చెప్పి, దానిని అంతటితో ఆపి, రెండవవారి వైపు తిరుగును. ఇట్లు నాలుగు ఆవృత్తులలో అందరి పద్యములును పూర్తియగును. చివర ఆ పద్యములన్నిటిని మొదటి నుండి తుది వరకు అప్పగింపవలెను. దీనిని ధారణ యందురు. అవధాని చేతిలో కాగితము గాని, కలము గాని ఉండవు.

ఆ పరీక్షలలో నిషిద్ధాక్షరి యొకటి. ఇంగ్లండు ఆటలో ఇచ్చిన అక్షరములతో మాట కట్టవలెను. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునను ఒక అక్షరమును వలదనును. దానిని విడిచి, ఛందస్సు తప్పకుండ, అర్థము చెడకుండ పద్యము నడపవలెను. దత్తపది మరియొకటి. వడ, పూరి, దోసె మొదలగు మాటలిచ్చి భారతకథపై పద్యము చెప్పుమందురు. సభవారు నవ్వుదురు. అవధాని 'వడలిన' మోములో వడను, 'పూరించిన' శంఖములో పూరిని, 'దోసెడు' పూలలో దోసెను దాచి వారిని మెప్పించును. 954ను 318లో చూచిన కన్నును, శంఖనాదములో పూరిని చూచిన కన్నును ఒకటియే.

అవధానమున లెక్కలకును చోటు కలదు. ఒకరు నడుమ నడుమ గంట కొట్టుచుందురు. పద్యములు చెప్పుచునే ఎన్ని గంటలు మ్రోగినవో అవధాని గుర్తుంచుకొనవలెను. మరియొకరు ఒక తేదీ చెప్పి, అది ఏ వారమని అడుగుదురు. ఈ లెక్కను విద్యార్థులును చేయవచ్చును. 1947 ఆగస్టు 15వ తేదీ శుక్రవారము. అప్పటి నుండి 1950 జనవరి 26వ తేదీకి 895 దినములు. ఏడేసి చొప్పున తీసివేయగా ఆరు మిగులును. శుక్రవారమునకు తరువాత ఆరవ దినము గురువారము. గణతంత్రము ఏర్పడినది గురువారముననే.

దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారలు తిరుపతి వేంకట కవులను పేర ఊరూర అవధానములు చేసి ఈ విద్యను జనులకు చేరువ చేసిరి. ఇక అంకెల అవధానమునకు ప్రసిద్ధులు లక్కోజు సంజీవరాయశర్మ గారు. వీరు 1907లో కడప జిల్లా ప్రొద్దుటూరు సమీపమున కల్లూరు గ్రామమున జన్మించిరి. పుట్టుకతోనే చూపు లేదు. ఇతరులు చదువుచుండగా విని లెక్కలు నేర్చిరి, ఫిడేలును నేర్చిరి. 1966లో హైదరాబాదున జరిగిన గణితావధానములో 103 రెండ్లను వరుసగా గుణించిన ఎంతయని వారిని అడిగిరి. శర్మగారు చెప్పిన సమాధానము ముప్పది రెండంకెల సంఖ్య: 10141204801825835211973625643008. పలక మీద ఒక్క అంకెయైనను వ్రాసి చూచుకొనుటకు వీలులేని వారు దానిని మనస్సులోనే కట్టిరి. శర్మగారు 1997లో కీర్తిశేషులైరి.

రాయలసీమలోనే పెనుకొండ కలదు. 1565లో తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర ప్రభువులు ఈ దుర్గమును రాజధానిగా చేసికొనిరి. ఈ పట్టణమున చాలకాలము నివసించిన అవధాని ఆశావాది ప్రకాశరావు గారు. వీరు 1944లో అనంతపురము జిల్లాలో ఒక పేద దళిత కుటుంబమున జన్మించిరి. అవధానమునకు ఛందస్సు, వ్యాకరణము, పురాణములు, కావ్యములు కరతలామలకముగా ఉండవలెను. తరతరములుగా ఆ చదువు కొన్ని ఇండ్లలోనే నిలిచియుండెను. మిగిలినవారికి దాని గడప దాటు అవకాశము అరుదు. ప్రకాశరావు గారు బడిలోను, కళాశాలలోను ఆ చదువును పట్టుదలతో సంపాదించి, చిన్న వయస్సుననే అవధాన వేదిక నెక్కిరి. తరువాత నూట యాభైకి పైగా అవధానములు చేసిరి. తెలుగు అధ్యాపకులై, పెనుకొండ ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులుగా పనిచేసిరి. తమ అవధానములను గ్రంథములుగా ప్రకటించిరి. 2021లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ పురస్కారమును ప్రకటించెను. 2022 ఫిబ్రవరిలో వారు పెనుకొండలోనే కన్నుమూసిరి.

అవధాన సభలో పృచ్ఛకుడు అడుగునది ఒక్కటే: ఈ అక్షరము విడిచి చెప్పగలవా? ఈ మాట చేర్చి చెప్పగలవా? చెప్పినవాడు ఏ ఇంటి బిడ్డయని గణము గాని, యతి గాని అడుగవు. తప్పిన తప్పినట్లు, కుదిరిన కుదిరినట్లు సభ ముందు వెంటనే తేలిపోవును. ప్రకాశరావు గారు ఆ పరీక్షకు నిలిచి, తాను గడప దాటుటయే కాక, తరువాతి వారికి ఆ తలుపు తెరచి ఉంచిరి.

పెనుకొండ మండలములో జాతీయ రహదారి చెంత ఎర్రమంచి గ్రామము కలదు. 2019 నుండి అచట గొప్ప కర్మాగారములో మోటారు కార్లు తయారగుచున్నవి. మనుష్యుడు పూర్వము చేతులతో చేసిన పనులు పెక్కింటిని అట్టి చోట యంత్రములు చేయుచున్నవి. 103 రెండ్ల గుణకారమును నేడు చిన్న యంత్రమైనను రెప్పపాటులో చెప్పును. అట్లయిన ఈ విద్యలతో పని యేమి యని కొందరు అడుగవచ్చును. కారు వచ్చినదని ఎవరును కాళ్లను కట్టి కూర్చుండరు. నడక మానినవాడు కారు వరకైనను పోలేడు. మనస్సును ఒకచోట నిలుపుటయు అట్టిదే. అది తన స్థానమున మరియొకరిచే చేయించుకొను పని కాదు.

దీనికి పెద్ద వేదికయే కావలెనని లేదు. తరగతిలో ఒక విద్యార్థి పద్యము చదువుచుండగా, మరియొకడు నడుమ నడుమ గంట కొట్టవచ్చును. మూడవవాడు ఒక తేదీ చెప్పి వారము అడుగవచ్చును. పద్యము తప్పకుండ ముగించి, గంటల లెక్క చెప్పి, వారమును చెప్పినవాడు మూడు పనుల అవధాని. ఎనిమిదికి ఇంక ఐదే తక్కువ.