పెద్దప్రేవు రాచపుండు ఉదరపు పొరపై నాటుకొను విధము

శరీరశాస్త్ర పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, పెద్దప్రేవులో పుట్టిన రాచపుండు కడుపంతయు నెట్లు ప్రాకును? నెత్తురు వెంట పోవునా?" అని యడిగెను. వాని యింట నెవరో యా వ్యాధితో నున్నారని తరువాత తెలిసినది. ఆనాడు గంట మ్రోగుటచే సగమే చెప్పితిని. తక్కినది యిచట వ్రాయుచున్నాను.

ఉదరకుహరపు గోడను, అందలి యవయవములను పెరిటోనియమను పలుచని పొర కప్పియుండును. దాని పైవరుస యొకే కణము మందము గలది. అవయవములు రాపిడి లేక కదలుటకై కొంచెము ద్రవము అందు తిరుగుచుండును. ఆ ద్రవమే యీ కథలో ముఖ్యము.

ప్రేవు లోపలి కణములలో పెరుగుదలకు కళ్లెము వంటి ఏపీసీ యను జన్యువు చెడుటతో వ్యాధి తఱచుగా మొదలై, చిన్న బొడిపె పుట్టును. కేరాస్, టీపీ53 మున్నగు జన్యువులును చెడగా, అనేక సంవత్సరములకు బొడిపె పుండగును. పుండు ప్రేవుగోడను తొలిచి వెలుపలి యంచునకు వచ్చినచో కణములు ద్రవములో రాలును. కాలేయమునకు పోవు కణములకు నెత్తురే దారి. ఈ పొరకు ముఖ్యమైన దారి యిదియే.

అయినను రాలుట సులభము కాదు. కణములు ఈ-కాధెరిన్ అను మాంసకృత్తుచే, చేతులు పట్టుకొన్నట్లు, ఒకదాని నొకటి యంటియుండును. వ్యాధికణము దానిని తగ్గించుకొని విడివడును. ఇక, తన చోటు విడిచిన కణము తనంతట తానే చావవలెనని శరీరధర్మము. ఈ చావును శాస్త్రజ్ఞులు అనోయికిస్ అందురు. ఆ యాజ్ఞను ధిక్కరించిన కణములే, తఱచు గుంపులు గట్టి, ద్రవములో బ్రతికి తేలును. నాకు మిక్కిలి యాశ్చర్యము గొలుపునది యీ ఘట్టమే.

తేలినంత మాత్రమున చాలదు, పట్టు దొరకవలెను. పెరిటోనియపు కణములపై హయలురోనిక్ ఆమ్లపు పూత యుండును. వ్యాధికణము మీది సీడీ44 దానిని పట్టును. పైవరుస చెదరిన చోట ఇంటెగ్రిన్లు అడుగుపొరను పట్టును. పిమ్మట వీఈజీఎఫ్ అను పదార్థమును విడిచి క్రొత్త రక్తనాళములను తనవైపు రప్పించుకొనును. వప యను క్రొవ్వుపొర వీనికి మిక్కిలి యనుకూలమైన నేల. విత్తనమునకు తగిన నేల కావలెనను నుపమానమును 1889లో స్టీఫెన్ పేజెట్ అను ఆంగ్ల వైద్యుడు చూపెను.

చికిత్స మాట. పొరపై కనబడు గడ్డలన్నిటిని కోసి తీసి, వెచ్చని మందుతో ఉదరమును కడుగు పద్ధతి యొకటి కలదు. ఫ్రాన్సులో 265 మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో, కోత మాత్రమే పొందినవారును, కోతతోపాటు వెచ్చని ఆక్సాలిప్లాటిన్ పొందినవారును మధ్యస్థముగా 41 నెలలకు పైగా జీవించిరి. ఆ మందు వలన ఆయువు పెరుగలేదు. కోత నేర్పు మాత్రము వెల్లడియైనది.

ఇదంతయు విని ఆ బాలుడు, "బొడిపెగా నున్నప్పుడే తీసివేసినచో?" అని యడిగెను. కొలనోస్కోపను గొట్టముతో చూచి తీసివేయవచ్చును. తీసిన బొడిపె పుండు కానేరదు.