ఈ నెల సైన్స్ పాఠం: సిలికా నుంచి సిలికాన్ నైట్రైడ్



ఇసుకలో ఉండే సిలికాతో బేరింగు బంతులు చేయవచ్చంటే మీ పిల్లలు నమ్ముతారా? సిలికాను కార్బన్‌తో కలిపి, నైట్రోజన్ వాయువులో సుమారు 1400–1500 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి చేస్తారు. కార్బన్ ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, ఆ స్థానంలోకి నైట్రోజన్ చేరుతుంది. వచ్చిన సిలికాన్ నైట్రైడ్ పొడిని అచ్చులో నొక్కి మళ్లీ కాలిస్తే ఉక్కు కన్నా గట్టి సిరామిక్ అవుతుంది. అదే పరిమాణం గల ఉక్కు బరువులో సగం కూడా ఉండదు.

చిక్కంతా కలపడంలోనే. పొడులను ఎంత నూరినా రేణువులు విడివిడిగానే ఉంటాయి. చర్య పూర్తికాక సిలికా మిగిలితే, వేడిలో సిరామిక్ బలం తగ్గుతుంది. అందుకే సోల్-జెల్ పద్ధతి. సిలికాన్ ఉన్న ఒక ద్రవాన్ని ఆల్కహాల్, నీళ్లతో కలిపితే అతి సన్నని సిలికా రేణువులు తేలే 'సోల్' వస్తుంది. మెత్తని కార్బన్‌ను అప్పుడే కలుపుతారు. పాలు తోడుకున్నట్టు అది 'జెల్'గా గడ్డకట్టేసరికి కార్బన్ అంతటా సమంగా సర్దుకుంటుంది.

ఇంట్లో ఇలా చేయించండి:
3 సిలికా + 6 కార్బన్ + 2 నైట్రోజన్ → 1 సిలికాన్ నైట్రైడ్ + 6 కార్బన్ మోనాక్సైడ్

"కార్బన్ 6 ఎందుకు?" అని అడగండి. "3 సిలికాల్లో 6 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి కాబట్టి" అంటే పాఠం అర్థమైనట్టే. సమీకరణం అప్పజెప్పి ఊరుకుంటే, చింతపిక్కలు పేర్చి లెక్కపెట్టించండి. మార్కుల కన్నా ముందు ఆ లెక్క తెలియాలి.

గమనిక: కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు. ఈ ప్రయోగం కాగితం మీదే!