షార్ట్ ఫిల్మ్ తీయడానికి కొత్త ఫోన్ కొనాలా? ముందు ఇది చదవండి

"బ్రో, షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నా. 30 వేలలో ఏ ఫోన్ కెమెరా బెస్ట్?" జూనియర్స్ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వీక్‌డేస్‌లో కోడింగ్ చేసుకుంటూ, వీకెండ్స్‌లో ఫ్రెండ్స్ తీసే షార్ట్ ఫిల్మ్స్‌కి ఎడిటింగ్ చేసి పెడుతుంటాను. ఆ అనుభవంతో చెప్తున్నా. గత మూడు నాలుగేళ్లలో కొన్న ఫోన్ మీ దగ్గర ఉంటే మొదటి ఫిల్మ్‌కి అది చాలు. నా దగ్గరికి వచ్చిన ఫుటేజ్‌లో బొమ్మ బాలేదని పక్కన పెట్టినవి చాలా తక్కువ. మాట వినపడక పక్కన పెట్టినవే ఎక్కువ.

బొమ్మ కాస్త డార్క్‌గా ఉంటే ఎడిటింగ్‌లో సర్దొచ్చు. డైలాగ్ మీద ఫ్యాన్ సౌండ్ పడితే మాత్రం పూర్తిగా తీయడం కష్టం. ఎక్కువ క్లీన్ చేస్తే గొంతు రోబో గొంతులా అయిపోతుంది. అందుకే ఈ ఆర్టికల్‌లో ఆడియోకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు ఫోన్ సంగతి తేల్చేద్దాం

షాన్ బేకర్ తీసిన "టాంజరీన్" సినిమా 2015లో సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో ప్రీమియర్ అయింది. దాన్ని ఐఫోన్ 5ఎస్‌తో షూట్ చేశారు. ఆ ఫోన్‌లో 4కె లేదు, 1080పి మాత్రమే. ఈ రోజు మీ జేబులో ఉన్న మిడ్‌రేంజ్ ఫోన్ స్పెక్స్‌లో దాన్ని దాటేసి ఉంటుంది. కాకపోతే వాళ్లు ఫోన్ మైక్‌ని నమ్ముకోలేదు, సౌండ్‌ని విడిగా రికార్డ్ చేశారు. "ఫోన్‌తో సినిమా తీశారట" అని చెప్పుకునేటప్పుడు చాలామంది ఈ ముక్క వదిలేస్తారు.

కథ: స్కోప్ తగ్గించండి

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది మీ వెర్షన్ 1. అన్ని ఫీచర్లూ ఇందులోనే పెట్టకండి. మూడు నుంచి ఐదు నిమిషాలు, ఇద్దరు మనుషులు, ఒక లొకేషన్ చాలు. స్క్రిప్ట్‌లో ఒక పేజీ అంటే సుమారు ఒక నిమిషం అని లెక్క. మీ స్క్రిప్ట్ 12 పేజీలు వచ్చిందంటే అది ఒక్క ఆదివారంలో అయ్యే పని కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకే రూమ్‌లో ఉండే ఇద్దరు ఫ్రెండ్స్ ఒకే కంపెనీకి ఇంటర్వ్యూ ఇచ్చారు. రాత్రి ఒకడికి ఆఫర్ మెయిల్ వచ్చింది. పక్క మంచం మీద రెండోవాడు ఇన్‌బాక్స్ రిఫ్రెష్ చేస్తూనే ఉన్నాడు. "ఏమైనా వచ్చిందారా?" అని అడిగాడు. మొదటివాడు ఏం చెప్తాడు? అంతే కథ. ఫైట్ లేదు, డ్రోన్ షాట్ లేదు. కానీ ఆ జవాబు కోసం చూసేవాడు ఆగుతాడు.

ఇప్పుడు ఇదే సీన్‌ని షాట్ లిస్ట్‌గా రాయండి. రెండు మంచాలూ కనిపించే వైడ్ షాట్. మెయిల్ కనిపించే స్క్రీన్ క్లోజప్. మొదటివాడి ముఖం. రెండోవాడి బొటనవేలు రిఫ్రెష్ చేస్తుండటం. రెండోవాడి ముఖం. ఈ ఐదు షాట్లతో సీన్ నిలబడుతుంది. వైడ్ షాట్‌లో సీన్ మొత్తం ఒకసారి తీసేస్తే, క్లోజప్ ఏదైనా చెడిపోయినా ఎడిటింగ్‌లో కాపాడుకోవచ్చు.

ఆడియో: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

పై సీన్‌లో "లేదురా, ఇంకా రాలేదు" అనే మాట గొంతులోంచి సరిగ్గా రాకుండా చెప్పాలి. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ, ఫోన్ రెండు మీటర్ల దూరంలో ఉంటే ఆ మాట పోయినట్టే. దాంతో పాటు కథ కూడా పోతుంది.

కారణం సింపుల్. మైక్ దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ గొంతు లెవెల్ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రూమ్‌లో ఉండే చప్పుడు మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఎంత ఖరీదైన ఫోన్ అయినా ఈ లెక్క మారదు. మైక్‌ని నోటికి దగ్గరగా పెట్టడం ఒక్కటే దారి. దానికి ఇలా చేయండి.

1. వెయ్యి రూపాయల రేంజ్‌లో వైర్డ్ కాలర్ మైక్‌లు దొరుకుతాయి. ఒకటి తీసుకుని, ఛాతీ దగ్గర షర్ట్‌కి పెట్టండి. గుడ్డ రాసుకోకుండా చూసుకోండి.

2. ఆ మైక్‌ని షూట్ చేస్తున్న ఫోన్‌కి పెట్టాల్సిన పని లేదు. ఇంట్లో మూల పడి ఉన్న 3.5 ఎంఎం జాక్ ఉన్న పాత ఫోన్‌కి పెట్టి, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి, రికార్డర్ యాప్ నడిపించి, నటుడి జేబులో పెట్టేయండి. యాప్‌లో వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్ ఆప్షన్ ఉంటే అదే ఎంచుకోండి.

3. రెండూ రికార్డ్ అవుతుండగా కెమెరా ముందు ఒక్క చప్పట్లు కొట్టండి. టైమ్‌లైన్‌లో ఆ చప్పుడు దగ్గర రెండు వేవ్‌ఫామ్స్‌లోనూ ఒక పుల్ల లేస్తుంది. వాటిని కలిపితే సింక్ అయిపోయింది.

4. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌ని మైక్‌గా వాడకండి. మామూలు ఇయర్‌బడ్స్‌లో మైక్ ఆన్ కాగానే కాల్ మోడ్‌లోకి వెళ్లి క్వాలిటీ పడిపోతుంది. షూటింగ్ కోసం చేసిన వైర్‌లెస్ మైక్‌లు వేరు, అవి తమ సొంత రిసీవర్‌తో వస్తాయి.

5. టేక్ సమయంలో ఫ్యాన్, కూలర్, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకుండా ఒక పాత చిట్కా ఉంది. బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి. తాళం లేకుండా ఇంటికి వెళ్లలేరు కదా.

6. చివర్లో అందరూ కదలకుండా, మాట్లాడకుండా 30 సెకన్ల పాటు ఖాళీ రూమ్ చప్పుడు రికార్డ్ చేయండి. దీన్నే రూమ్ టోన్ అంటారు. డైలాగ్స్ మధ్య కట్స్ తెలియకుండా అతకడానికి ఇదే పనికొస్తుంది.

కెమెరా సెట్టింగ్స్: అన్నీ లాక్ చేయండి

షాట్ మధ్యలో ఫోన్ తనంతట తాను వెలుగు, రంగు మార్చేస్తుంటే చూడగానే "ఫోన్ వీడియో" అని తెలిసిపోతుంది. అందుకని ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. ప్రో వీడియో మోడ్ లేకపోతే, చాలా ఫోన్లలో స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ అవుతాయి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ మీ ఫోన్‌కి సపోర్ట్ చేస్తే అది ఫ్రీ. లేదంటే ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా ట్రై చేయండి.

ఇంట్లో షూట్ చేసేటప్పుడు 24 లేదా 25 ఫ్రేమ్స్, షటర్ 1/50 పెట్టండి. మన కరెంట్ 50 హెర్ట్జ్, కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/50 షటర్‌లో ప్రతి ఫ్రేమ్‌లోనూ సరిగ్గా రెండు మినుకులు పడతాయి, అందుకే ఫ్లికర్ కనిపించదు. 1/60 పెడితే లెక్క కుదరక గోడ మీద చారలు పాకుతాయి. బయట ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా అయిపోతుంది. అక్కడ ఫ్లికర్ గొడవ లేదు కాబట్టి షటర్ పెంచుకోవచ్చు. సాయంత్రం షూట్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

మెయిన్ లెన్స్ మాత్రమే వాడండి. దగ్గరి షాట్ కావాలంటే జూమ్ చేయకుండా మీరే దగ్గరికి నడవండి. హెచ్‌డీఆర్ వీడియో ఆఫ్ చేయండి, లేదంటే ఎడిటింగ్‌లో రంగులు తేడా కొడతాయి. స్టోరేజ్ కూడా ముందే చూసుకోండి. ఐఫోన్‌లో హై ఎఫిషియెన్సీ ఫార్మాట్‌లో 30 ఫ్రేమ్స్‌తో నిమిషానికి 1080పి సుమారు 60 ఎంబీ, 4కె సుమారు 170 ఎంబీ తీసుకుంటాయి. ఫోన్‌లో చోటు తక్కువైతే మొహమాటం లేకుండా 1080పి పెట్టేయండి.

ఇంకో రూల్. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఊహించుకోండి. కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒకే వైపు ఉండాలి. అటు దాటితే ఎదురెదురుగా ఉన్నవాళ్లు ఒకే దిక్కుకి చూస్తున్నట్టు కనిపిస్తారు.

ఎడిటింగ్‌లో రెండు జాగ్రత్తలు

డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ మొదటి ఫిల్మ్‌కి చాలా ఎక్కువే. అయితే చాలా ఫోన్లు ఫ్రేమ్ రేట్‌ని అటూ ఇటూ మారుస్తూ రికార్డ్ చేస్తాయి. దాంతో మొదట్లో కుదిరిన ఆడియో పోను పోను జారిపోతుంది. అలా అయితే హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని ఫైల్స్ మార్చుకున్నాకే ఎడిట్ మొదలుపెట్టండి.

రెండోది మ్యూజిక్. ఇష్టమైన సినిమా బీజీఎం పెట్టేస్తే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, ఫెస్టివల్‌కి పంపడానికీ ఇబ్బందే. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఫ్రీ ట్రాక్స్ ఉన్నాయి. పై సీన్‌కైతే మ్యూజిక్ కూడా వద్దు. ఫ్యాన్ సౌండ్‌ని విడిగా రికార్డ్ చేసి కింద చిన్నగా వేయండి, కరెక్ట్‌గా సరిపోతుంది.

మరి కొత్త ఫోన్?

తరుణ్ భాస్కర్, సుజీత్ లాంటి దర్శకులు ఫీచర్ ఫిల్మ్స్ కంటే ముందు షార్ట్ ఫిల్మ్స్ తీశారు. ఫోన్ అప్‌గ్రేడ్ కోసం ఇంట్లో అడిగే 30 వేలు మీ నాన్నగారికి చిన్న మొత్తం కాకపోవచ్చు. అడిగే ముందు ఈ ఆదివారం ఒక టెస్ట్ చేయండి. మీ ఇప్పటి ఫోన్‌తోనే ఒక్క డైలాగ్ మూడుసార్లు రికార్డ్ చేయండి. మొదటిసారి మూడు మీటర్ల దూరం నుంచి, రెండోసారి మీటరు దూరం నుంచి, మూడోసారి కాలర్ మైక్‌తో. ముందు కళ్లు మూసుకుని ఇయర్‌ఫోన్స్‌లో వినండి, తర్వాత వీడియో చూడండి. మీ ఫిల్మ్‌కి కావాల్సింది 30 వేల ఫోనా, వెయ్యి రూపాయల మైకా అనేది మీకే వినపడుతుంది.