స్తంభం కొన మీది దీపం

కొల్లాపూర్

బిడ్డా,

గద్వాలలో ఇండ్ల వైరింగు చేసిన చేతితో విశాఖలో తెరచాప పడవకు దీపాలు పెట్టబోతున్నవని తెలిసింది. మంచిదే. రెండు అలవాట్లు మాత్రం గద్వాలలోనే వదిలి పో.

మొదటిది 230 వోల్టుల ధీమా. ఇంట్ల అర వోల్టు వైరులో పోయినా ఎవరికీ తెల్వదు. పడవలో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. అక్కడినుంచి తెరచాప స్తంభం కొన దాకా 12 మీటర్లనుకో. కరెంటు పోయి మళ్ల రావాలె గనుక లెక్క 24 మీటర్లు. 25 వాట్ల పాతరకం బల్బు రెండు ఆంపియర్లు గుంజుతది. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దారిలోనే 0.6 వోల్టు పోతది. దీపం వెలుగుతది గాని మసకగా. వోల్టేజీ మూడు శాతం మించి పడొద్దు. ఆ బల్బే కావాలంటే 2.5 వైరు వెయ్యి. 3 వాట్ల ఎల్‌ఈడీ దీపమైతే 1.5 చాలు.

రెండోది గట్టి ఒంటితీగ వైరు, మెలిపెట్టి టేపు చుట్టే అతుకు. పడవ అదురుడుకు ఒంటితీగ తెగుతది. కళాయి పూసిన సన్న పోగుల రాగి వైరు తీసుకో, లగ్గులు క్రింపు చెయ్యి. వైరు బరువు అతుకు మీద పడకుండ పైనే బిగించు. స్తంభం లోపల తెరచాప తాళ్లు ఆడుతుంటయి, అందుకే వైరును పైపులో దించు. బైకుకు చాసిస్‌ను నెగెటివ్ చేసినట్టు అల్యూమినియం స్తంభాన్ని వాడుకోకు. ఉప్పునీళ్లల్ల ఆ కరెంటు లోహాన్ని తినేస్తది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలె.

ఇంత పట్టింపు ఎందుకంటవా? 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయలుదేరి, 2018 మేలో ప్రపంచం చుట్టొచ్చిన తారిణి పడవలో ఆరుగురు నౌకాదళ ఆడబిడ్డలున్నరు. అందులో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మనోళ్లే. నడిసముద్రంల దీపం ఆరితే ఎలక్ట్రీషియన్ రాడు, ఉన్నోళ్లే స్తంభం ఎక్కాలె.

ఆ దీపం నీకు దారి చూపెట్టేది కాదు, ఎదుటోనికి నీ దిక్కు చెప్పేది. ఎడమకు ఎరుపు, కుడికి ఆకుపచ్చ, ఒక్కోటి 112.5 డిగ్రీలు, వెనక తెలుపు 135. కలిపితే 360, అందుకే దీపం వంకరగా బిగిస్తే అబద్ధం చెప్తది. 20 మీటర్ల లోపు పడవకు ఈ మూడూ ఒకే డబ్బాలో స్తంభం కొన మీద పెట్టొచ్చు, కానీ తెరచాపతో పోయేటప్పుడే. ఇంజిన్ పెట్టంగనే దాన్ని ఆర్పి, కింది పక్కదీపాలు, వెనక దీపం, స్తంభం ముందువైపు 225 డిగ్రీల తెల్లదీపం వెలిగించాలె. స్విచ్చులు వేరువేరుగా పెట్టు, పేర్లు రాసి అంటించు. మన సోమశిల కాడ తెడ్డేసే పుట్టికైతే, సముద్రపు నియమం ప్రకారం కూడా, ఢీకొనక ముందే చూపెట్టేటట్టు టార్చిలైటు చేతికింద ఉంటే చాలు. నీకు ఆ వెసులుబాటు లేదు.

స్తంభం లేపక ముందే, దీపాలు వెలిగించి ఉంచి, కొన కాడ మల్టీమీటర్ పెట్టి చూడు. బ్యాటరీ కాడికీ అక్కడికీ తేడా 0.36 వోల్టు దాటితే లగ్గులు మళ్ల విప్పి చూడు.

మీ పెదనాయన