సంకటి తెడ్డుతో మొదలైన పలకరింపు

మా అక్క కూతురు టెక్సస్‌లో పుట్టి పెరిగిన పిల్ల. చదువు కాగానే పీస్ కోర్ వాలంటీరుగా నేపాల్ వెళ్లింది. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ మొదలుపెట్టిన కార్యక్రమం అది. 1976 దాకా ఆ వాలంటీర్లు మన దేశంలోనూ పనిచేశారు. మూడు నెలల శిక్షణ, ఆపైన రెండేళ్ల సేవ. మొత్తం 27 నెలలు. మా పిల్లకు అన్ని నెలలు దక్కలేదు. 2020 మార్చిలో కరోనా వల్ల 60కి పైగా దేశాల నుంచి దాదాపు 7,000 మంది వాలంటీర్లను ఒక్కసారిగా వెనక్కి పిలిపించారు. తను ఉన్న ఇంట్లో తనను కూతురిలా చూసుకున్న ఆమా (నేపాలీలో అమ్మ) పొలంలో ఉండగానే ఈమె జీపెక్కాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక అందరూ "నేపాల్ ఎలా ఉంది?" అని అడిగారు. రెండు నిమిషాలకే మాట ఉద్యోగం మీదికి మళ్లేది. మెల్లగా ఆమె చెప్పడం మానేసింది. శిక్షణలో కలిసి తిని, కలిసి ఏడ్చిన ముగ్గురు స్నేహితులతోనూ మాటలు ఆగిపోయాయి. కోపతాపాలేమీ లేవు. "ఊరిని మధ్యలో వదిలేసి వచ్చాం పిన్నీ. వాళ్లను చూస్తే అదే గుర్తొస్తుంది" అంది.

పాత స్నేహాలు చాలావరకు ఇలాంటి మొహమాటం వల్లే మూగబోతాయని నా నమ్మకం. మనం మరిచిపోం. మరిచిపోయామని వాళ్లు అనుకుంటారేమోనని జంకుతాం. తిరిగొచ్చిన వాలంటీర్లు 1979లోనే అమెరికాలో తమకంటూ ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. సంఘం మంచిదే. కానీ మొదటి పలకరింపు మాత్రం ఒక మనిషి నుంచి ఇంకో మనిషికే వెళ్లాలి.

ఆ మధ్య నేను వాళ్లింట్లో ఉన్నప్పుడు ఆ ముగ్గురికీ ఒక మెసేజ్ రాస్తూ, చెరిపేస్తూ కూర్చుంది. "సారీ, ఇన్నాళ్లూ..." అని మొదలుపెట్టింది. నేను వద్దన్నాను. క్షమాపణతో మొదలుపెడితే అవతలివాళ్లకు ఓదార్చే పని పడుతుంది. ఒక చిన్న సంగతి అడుగు చాలు అన్నాను. ఆ రోజు పొయ్యి మీద రాగి సంకటి ఉంది. నేపాల్‌లో దాన్నే కాస్త తేడాగా వండి ఢిండో అంటారట. గిన్నె ఫోటో తీసి, "ఉండలు కడుతోంది. ఆమా పిండి ఎప్పుడు పోసేది?" అని పంపింది.

పావుగంటలో ఒకరి నుంచి జవాబొచ్చింది: "నీళ్లు తెర్లాక. కానీ తెడ్డు ఆపకూడదు. నీకు మొదటి రోజే చెయ్యి బొబ్బలెక్కింది, గుర్తుందా?"

ఆమెకు గుర్తు లేదు! ఆ బొబ్బల్ని ఇంకొకరు భద్రంగా దాచిపెట్టారు. సగంలో వదిలేసి వచ్చానని నాలుగేళ్లుగా కుమిలిపోతున్న పిల్లకు, చేతులు బొబ్బలెక్కినా తెడ్డు వదలని అమ్మాయి ఆ ఒక్క మాటలో కనిపించింది. అక్కడ మనతో ఉన్నవాళ్లు తప్ప ఈ కబురు మనకు ఇంకెవరు తెస్తారు?

అందరూ జవాబివ్వకపోవచ్చు. ముగ్గురిలో ఒకమ్మాయి నెల తర్వాత రాసింది. పనిచేసిన ఊళ్లో తను చాలా ఒంటరిగా ఉన్నానని, అందుకే ఇన్నాళ్లూ రాయలేకపోయానని చెప్పింది. "అవన్నీ మరిచిపో" అనకుండా మా పిల్ల చివరిదాకా విన్నది. అది నాకు ఎంతో నచ్చింది.

దసరాకు నలుగురూ కలిసి ఆమాకు వీడియో కాల్ చేశారు. అక్కడ తెల్లవారుతోంది. ఆమా తెరకు బాగా దగ్గరగా వచ్చి ముందు ఒక్కటే అడిగింది, అన్నం తిన్నారా అని.