చూసేవారు – నివసించేవారు

పూర్వం మనవారు దేశాటనాన్ని విద్యలో ఒక భాగంగా భావించారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరి, దారిలో హైదరాబాదును దర్శించి, ఆ నగర విశేషాలను తన 'కాశీయాత్ర చరిత్ర'లో గ్రంథస్థం చేశాడు. ఆ కాలపు యాత్రికులు ఒక ఊరిలో దిగితే బియ్యం, వంటచెరకు, పాలు, పశువులకు గడ్డి అన్నీ ఆ ఊరిలోనే కొనేవారు. వారి ఖర్చు చాలావరకు ఆ ఊరిలోనే మిగిలేది.

నేటి పర్యాటకుని పద్ధతి వేరు. విమానం టికెట్టు, హోటలు గది, అద్దె కారు అన్నీ ఇంటి నుండి కదలకముందే కొంటాడు. చూడదలచిన చోటికి చేరేసరికి అతని ఖర్చులో పెద్ద భాగం ఇతరుల చేతికి చేరి ఉంటుంది. ఇలా ఆదాయం స్థానికులకు అందకుండా బయటికి తరలిపోవడాన్ని ఆర్థికశాస్త్రంలో 'లీకేజి' అంటారు. అభివృద్ధి చెందుతున్న దేశాలను పర్యాటకరంగంలో ఎక్కువగా వేధించే సమస్య ఇది. చెత్త, రద్దీ, నీటి కొరత మాత్రం ఎక్కడికీ తరలిపోవు. అవి ఆ ఊరిలోనే ఉండిపోతాయి.

ఈ సంగతి అర్థం కావాలంటే హైదరాబాదు పాతబస్తీని పరిశీలించాలి. చార్మినారుకు తూర్పున నడిచి వెళ్ళదగిన దూరంలో దబీర్‌పురా ఉన్నది. పారశీక భాషలో 'దబీర్' అంటే లేఖకుడు. మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ ఆరంభించగా మొదటి నిజాం కాలంలో పూర్తయిన నగర ప్రాకారానికి 13 దర్వాజాలు ఉండేవి. 1908 నాటి మూసీ వరదలలో ఆ గోడ చాలాచోట్ల దెబ్బతిన్నది. మిగిలిన దానిలో అధికభాగాన్ని తరువాతి కాలంలో కూల్చివేశారు. నేడు నిలిచి ఉన్నవి పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే. అయినప్పటికీ 1591లో నిర్మించిన చార్మినారు ముందు ఫోటో దిగినవారిలో ఈ దర్వాజా దాకా వచ్చేవారు అరుదు. వారు రాకపోయినా వారి రాకపోకల బరువు మాత్రం ఈ గల్లీల మీద పడుతుంది.

అది ఎలాగో చూద్దాం. వాహనాల పొగ, కుదుపుల నుండి చార్మినారును కాపాడడానికి దాని చుట్టూ పాదచారులకు మాత్రమే చోటివ్వాలనే పథకాన్ని 1990ల చివరలో రూపొందించారు. పనులు ఏళ్ళ తరబడి సాగాయి. పథకం అవసరమైనదే. 2019 మే నెలలో ఒక మినారు నుండి గచ్చు అలంకరణ ముక్క ఊడిపడినప్పుడు ఆ కట్టడం ఎంత సున్నితమైనదో అందరికీ తెలిసివచ్చింది. కాని చార్మినారు వద్ద ఆపిన వాహనం మాయమైపోదు, పక్క వీధిలోకి మళ్ళుతుంది. దానికి దారి ఇవ్వాలంటే రోడ్డు వెడల్పు చేయాలి. రోడ్డు వెడల్పు అయితే ఎవరిదో ఇంటి ముందుభాగం, ఎవరిదో దుకాణం పోతుంది. కట్టడం నీడలో గాజులు, పండ్లు అమ్ముకునే వీధి వ్యాపారులు సైతం ఈ పథకానికి అడ్డుగా కనిపించారు. సర్వే జరిపి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు వీధి వ్యాపారులను తొలగించరాదని 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అంతటి చట్టం అవసరమైందంటే అంతకుముందు వారి పరిస్థితి ఎలా ఉండేదో ఊహించవచ్చు.

పర్యాటకం వల్ల మేలు లేదనడం న్యాయం కాదు. లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్కను నిప్పుల మీద వేడిచేసి, సాగదీసి, వలయంగా చుట్టి, అది చల్లారకముందే రాళ్ళను ఒక్కొక్కటిగా అద్దుతారు. ఈ విద్య బతికి ఉన్నదంటే కొనేవారు వస్తున్నందువల్లనే. అయితే దుకాణంలో బేరమాడే పర్యాటకునికి, నిప్పుల ముందు కూర్చున్న పనివారికి మధ్య వ్యాపారి ఉంటాడు. గాజు ధర పెరిగినంత మాత్రాన కూలి పెరగదు. ఈ విషయంలో భూదాన్ పోచంపల్లిది భిన్నమైన దారి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసిన ఆ ఊరిలో, వచ్చినవారు మగ్గాన్నీ నేసేవారినీ చూసి మరీ చీర కొనగలరు.

దబీర్‌పురాలో డబ్బుతో కొలవలేని మరొక సమస్య కూడా ఉన్నది. ఇక్కడి బీబీ కా అలావా నుండి మొహర్రం పదవ రోజున బీబీ కా అలం ఊరేగింపుగా చాదర్‌ఘాట్‌కు బయలుదేరుతుంది. ఏనుగు మీద అలం, వెనుక గుండెలు బాదుకుంటూ సాగే జనం, దారి పొడవునా నీళ్ళు, షర్బతు అందించేవారు కనిపిస్తారు. మన పల్లెలలో దీనిని పీర్ల పండుగ అంటారు. హిందువులు కూడా పీర్లను ఎత్తుకుంటారు. పండుగ అనే పేరున్నా ఇది కర్బలా అమరుల కోసం దుఃఖించే దినం. దీనిని పర్యాటకుల ఆకర్షణల పట్టికలో చేర్చితే ఏమవుతుంది? ఏడుస్తున్న మనిషి ముఖానికి ఎదురుగా కెమెరా నిలుస్తుంది. దూరం నుండి గౌరవంతో చూసేవారిని ఎవరూ కాదనరు. వీధిని వేదికగా, శోకాన్ని ప్రదర్శనగా మార్చడమే అభ్యంతరకరం.

పర్యావరణం విషయానికి వస్తే, ఫిలిప్పీన్స్‌లోని బొరకాయ్ ద్వీపం చక్కని ఉదాహరణ. హోటళ్ళ మురుగునీరు సముద్రంలో కలుస్తుండడంతో 2018లో ప్రభుత్వం ఆ ద్వీపాన్ని 6 నెలలపాటు మూసివేసింది. సముద్రం కొంత తేరుకున్నది గాని, ఆ నెలలలో పడవలు నడిపేవారు, గదులు ఊడ్చేవారు జీవనాధారం కోల్పోయారు. మురుగు వదిలింది ఒకరు, శిక్ష అనుభవించింది మరొకరు.

మన మూసీ కథ వేరు. దానిని పాడుచేసింది పర్యాటకులు కారు. నగరపు మురుగు, పరిశ్రమల వ్యర్థాలు. ఆ నదిని శుద్ధి చేయాలనడంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. కాని శుద్ధితోపాటు తీరాన్ని సందర్శకుల కోసం సుందరంగా తీర్చిదిద్దాలనే ఆలోచన కూడా కలిసి వచ్చింది. బీబీ కా అలం ఊరేగింపు ముగిసే చాదర్‌ఘాట్ పరిసరాలలోనే 2024లో నదీగర్భంలోని ఇళ్ళకు గుర్తులు వేసి, కొన్ని కుటుంబాలను ప్రభుత్వం కట్టించిన రెండు పడకగదుల ఇళ్ళకు తరలించారు. వరద భయం లేని పక్కా ఇల్లు దొరకడం మేలే. అయితే రోజు కూలీ చేసేవారికి ఇల్లు అంటే గోడలు మాత్రమే కాదు. తెల్లవారగానే పనికి పిలిచే మేస్త్రీ, అప్పు ఇచ్చే కిరాణా కొట్టు, పిల్లలు నడిచి వెళ్ళే బడి కూడా అందులో భాగమే. ఆ తీరాన రేపు విహారానికి వచ్చేవారికి పడవలు నడిపే పని, తినుబండారాలు అమ్మే చోటు మొదట ఈ కుటుంబాలకే ఇవ్వాలని అడిగితే అది అత్యాశ అనిపించుకోదు.