తూర్పు టెక్సస్ పైన్ అడవిలో: సందేహాలు – సమాధానాలు

? మా నాన్నగారు భీమవరం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చారు. పంటకాలువల్లో గాలం వేయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ ఇంట్లో పొద్దుపోక అల్లాడిపోతున్నారు. టైలర్ స్టేట్ పార్కుకు తీసుకెళ్దామనుకుంటున్నాం. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లకు చేపలు పట్టే లైసెన్సు ఇస్తారా?
– పాఠకుడు, ఇర్వింగ్

ఇస్తారు. కానీ మీకు దాని అవసరమే రాదు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచో, చేపలు పట్టే వంతెన మీద నుంచో గాలం వేసేవాళ్లకు లైసెన్సు అక్కర్లేదు. వీసా ఏదైనా, వయసు ఎంతైనా ఇదే నియమం. ఈ సంగతి తెలియక అనవసరంగా డబ్బు కట్టినవాళ్లు మనవాళ్లలో చాలామందే ఉన్నారు. పార్కు దాటి మరో చెరువు దగ్గర గాలం వేస్తే మాత్రం లైసెన్సు జేబులో ఉండాలి.

టైలర్ పార్కు చెరువు విస్తీర్ణం 64 ఎకరాలు. ఊటనీరే దానికి ఆధారం. బాస్, క్యాట్‌ఫిష్, క్రాపీ, సన్‌ఫిష్ దొరుకుతాయి. నాన్నగారికి బాస్ గురించి చెప్పాలంటే మన కొర్రమీనులా నాచు పక్కనా, మునిగిన మొద్దుల చాటునా మాటువేసే చేప అనండి, చాలు. ఎక్కడ గాలం వేయాలో ఆయనే చూసుకుంటారు. సన్‌ఫిష్‌కు చిన్న కొక్కెం, వానపాము ముక్క సరిపోతాయి. మనవలకు మొదటి చేప పడాలంటే దాన్నే నమ్ముకోండి. క్యాట్‌ఫిష్ కోసం సాయంత్రం దాకా ఆగాలి. ఎర చెరువు అడుగును తాకేలా వదలాలి.

కొలత టేపు మరిచిపోవద్దు. రాష్ట్రమంతటా ఉన్న సాధారణ నియమం ప్రకారం లార్జ్‌మౌత్ బాస్ 14 అంగుళాలకు తగ్గితే వెంటనే నీళ్లలోకి వదిలేయాలి. రోజుకు ఒకరికి ఐదుకు మించకూడదు. పట్టుకునే ముందు చేయి తడుపుకోండి. పొడిచేతికి చేప ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, వదిలినా రోగమొచ్చి చావవచ్చు. వల, మావు లాంటివాటికి అక్కడ చోటు లేదు. ఎరకని తెచ్చిన బతికున్న చేపపిల్లలు మిగిలితే చెరువులో పోయకండి.

చలికాలంలో ట్రౌట్ కూడా వదులుతారు. ఎండ ముదిరి నీళ్లు వేడెక్కితే ఆ చేప ఎలాగూ బతకదు కాబట్టి, దాన్ని మొహమాటపడకుండా ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకోవచ్చు.

? ఐదు కుటుంబాలం కలిసి టైలర్ పార్కులో రెండు రాత్రులు టెంట్లలో ఉండాలనుకుంటున్నాం. బిర్యానీ, పాటలు, క్యాంప్‌ఫైర్ అన్నీ పెట్టుకున్నాం. ఒక్క సైటు సరిపోతుందా?
– పాఠకురాలు, ఫ్రిస్కో

సరిపోదు. ఒక క్యాంప్‌సైటుకు ఎనిమిది మందే. పక్కపక్క సైట్లు కావాలంటే ఐదు నెలల ముందే బుకింగ్ తెరుచుకుంటుంది, ఆ రోజే చూడండి. మార్చి, ఏప్రిల్, అక్టోబరు, నవంబరు శనివారాలు ముందుగా అయిపోతాయి. జులైలో ఖాళీలు కనిపిస్తే సంబరపడకండి. టెంటులో ఉక్కకు పిల్లలు రాత్రంతా ఏడుస్తారు.

బిర్యానీకి అడ్డు లేదు. మిగిలిన గిన్నె బల్ల మీదే వదిలి పడుకుంటేనే చిక్కు. రకూన్‌లకు కూలర్ మూత తీయడం బాగా వచ్చు. తిండి సరుకంతా కారు డిక్కీలో పెట్టి తాళం వేయండి. చెత్తసంచీ కూడా.

పాటల సంగతి నిక్కచ్చిగా చెబుతాను: స్పీకరు ఇంట్లో పెట్టి రండి. మీ సైటు దాటి శబ్దం వినిపించడమే నిబంధనలకు విరుద్ధం. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పూర్తి నిశ్శబ్దం పాటించాలి. పాట కావాలంటే గొంతెత్తకుండా పాడుకోండి, అంత్యాక్షరికి కరెంటు అక్కర్లేదు. బహిరంగంగా మద్యం తాగడమూ నిషేధమే. కట్టెలు అడవిలో ఏరకూడదు, కొనుక్కోవాలి. నేల మీద కుళ్లే కొమ్మలే అక్కడి మట్టికి ఎరువు, పురుగులకు ఇల్లు. వానలు లేని రోజుల్లో నిప్పు మీదే నిషేధం ఉండవచ్చు, బయల్దేరే ముందు పార్కు ఆఫీసుకు ఫోన్ చేయండి.

? పాములున్నాయా? పిల్లలతో భయంగా ఉంది.
– పాఠకురాలు, ప్లేనో

ఉన్నాయి. కాపర్‌హెడ్ ఎండుటాకుల రంగులో ఉంటుంది, కదలకపోతే కనపడదు. చీకటిపడ్డాక బాత్‌రూముకు వెళ్లేటప్పుడు చెప్పులు కాదు, బూట్లు. చేతిలో టార్చి. ఎవరినైనా కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు కట్టడం వద్దు. కదలకుండా కూర్చోబెట్టి 911కు ఫోన్ చేయండి.

నా లెక్కలో పాము కంటే ముందు జాగ్రత్తపడాల్సింది పిడుదు గురించి. సాయంత్రం స్నానానికి ముందు పిల్లల చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక వెతకండి. పట్టుకుని ఉంటే సన్నటి చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. అగ్గిపుల్ల, కిరోసిన్ వైద్యాలు పనికిరావు. మూడేసి ఆకుల గుత్తితో తీగ కనిపిస్తే అది పాయిజన్ ఐవీ కావచ్చు. తాకితే వెంటనే సబ్బుతో కడగాలి.

? మా అమ్మగారికి మోకాళ్ల నొప్పి. ఆవిడ నడవగలిగే దారి ఉందా?
– పాఠకుడు, డాలస్

విస్పరింగ్ పైన్స్ దారి ముప్పావు మైలే. చెరువు చుట్టూ తిరిగేది రెండు మైళ్ల పైచిలుకు, దాన్ని మీరు నడవండి. వేళ్లు పైకి తేలిన చోట్లున్నాయి కనుక చేతికర్ర ఇవ్వండి. 1930ల మాంద్యంలో పనిలేని కుర్రాళ్లకు నెలకు 30 డాలర్ల జీతమిచ్చి, అందులో 25 ఇంటికే పంపిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ వాళ్లే కట్ట వేసి ఈ చెరువును తయారుచేశారని నడుస్తూ చెప్పండి. నడక తర్వాత ఈతకు దిగితే గుర్తుంచుకోండి, అక్కడ లైఫ్‌గార్డులు ఉండరు. వారం మధ్యలో వెళ్లగలిగితే అదే మేలు, శనివారాల్లో రిజర్వేషను లేనివాళ్లను గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపేయవచ్చు.